పతకం మనది, మైదానం ఎవరిది?

పతకం వచ్చిన నాడు మెడలో దండ వేసేందుకు పోటీపడే చేతులే, తెల్లారి మైదానం సర్వే నంబరు వెతుకుతయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇది చూసినం. సొంత రాష్ట్రంలోనూ చూస్తున్నం. జెండాలు మారినయి, ముఖ్యమంత్రులు మారిండ్రు. ఖాళీ జాగ కండ్లబడితే నోరూరే గుణం మాత్రం మారలేదు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ సంగతే తీసుకుందాం. నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ దిక్కు నుంచి పట్నం వచ్చే బస్సులు ఈ దర్వాజలోంచే లోపలికి వస్తయి. ఆ బస్సుల్లో మన పిల్లలు దిగుతరు. గ్రూప్స్ కోచింగ్, ఎస్సై కోచింగ్, డీఎస్సీ కోచింగ్ అని బోర్డులు చూసుకుంట గల్లీల్లోకి పోతరు. ఒక్క గదిలో అయిదారుగురు సర్దుకుంటరు. తెలంగాణ ఉద్యమానికి ఊపిరి పోసింది ఈ గదులే. 2009 నవంబర్ 29న ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నది ఈ నేల మీదనే. డిసెంబర్ 3న ఆ బిడ్డ కన్నుమూసిండు. అదే చౌరస్తాలో విగ్రహం నిలబెట్టుకున్నం. ఏటేటా దండలు వేస్తున్నం. మరి ఆ విగ్రహం చుట్టుపక్కల, ఆ బిడ్డ ఈడు పిల్లలు ఉరికేందుకు ఎంత జాగ మిగిల్చిండ్రని అడిగితే ఏ సర్కారు కాడా జవాబు లేదు.

క్లబ్బు అంటే బంగ్లా కాదు

పెద్దోళ్ల క్లబ్బుకు గేటుంటది, గేటు కాడ కాపలా ఉంటది, లోపల ఏసీ ఉంటది. మన దిక్కు అథ్లెటిక్స్ క్లబ్బు అంటే ఒక పీఈటీ సారు, ఒక ఈల, ఒక స్టాప్‌వాచ్, సున్నంతో గీసిన గీతలు, ఇసుక పోసిన గుంత. దానికి బంగ్లా లేదు, బ్యాంకులో పైసలు లేవు. ఉన్న ఆస్తి ఒక్కటే: మైదానం. మైదానం పోయిన నాడు క్లబ్బు పోతది. సారు ఇంటికి పోతడు, పిల్లలు ట్యూషన్లకు పోతరు. అందుకే ఈ దిక్కు క్లబ్బుల చరిత్ర రాయాలంటే గెలిచిన కప్పులు లెక్కపెడితే సరిపోదు. పోయిన జాగలు లెక్కపెట్టాలె.

'ఉరుకుడుకు మైదానమెందుకు, రోడ్డు లేదా?' అని అడిగే మేధావులున్నరు. వాళ్లకు తెల్వక అడుగుతున్నరనుకొని చెప్తున్నం. తారు రోడ్డు మీద ముళ్ల బూట్లు పనికిరావు. స్టార్టింగ్ బ్లాకు దిగదు. 200 మీటర్లు, 400 మీటర్లు ఉరికేటోళ్లు వంపులో ఉరకడం నేర్వాలె. ఆ వంపు రోడ్డు మీద దొరకదు. గట్టి నేల మీద రోజూ ఉరికితే పిక్క ఎముక నొప్పి పట్టుకుంటది, పదిహేనేండ్లకే పిల్లగాని ఆట ముగుస్తది. లాంగ్ జంప్‌కు ఇసుక గుంత కావాలె, దాని ముందర 40 మీటర్ల బాట కావాలె. జావెలిన్, డిస్కస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. సందులో విసిరితే పోలీసు కేసు అయితది. ఎనిమిది లేన్ల 400 మీటర్ల ట్రాక్‌కు మొత్తం కలిపి పట్టేది సుమారు 4 ఎకరాలు. ఈ 4 ఎకరాల లెక్క మనసులో పెట్టుకోండ్రి. ముందు ముందు పనికొస్తది.

అనాథ పిల్లల భూమి మీద కన్ను

కొత్తపేట దాటి ఎల్బీనగర్ దిక్కు పోతుంటే విక్టోరియా మెమోరియల్ హోం వస్తది. వీఎం హోం అంటే ఈ దిక్కున తెల్వనోళ్లు లేరు. విక్టోరియా రాణి చనిపోయినంక ఆమె పేరు మీద ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో అనాథ పిల్లల కోసం పెట్టిన ఆశ్రమం అది. వందేండ్లు దాటింది. చుట్టూ కాలనీలు మొలిచినయి, కాంప్లెక్సులు లేచినయి, ఫ్లైఓవర్లు పడ్డయి. ఆ మైదానం మాత్రం మిగిలింది. అది ఎవని దయతోనో మిగిలింది కాదు. అనాథల జాగ గనుక, కాగితం మార్చి అమ్ముకునేందుకు వీలు కాక మిగిలింది. పొద్దుగాల చీకటి విడువకముందే అక్కడ రిటైరైన ఉద్యోగులు నడుస్తరు, ఉద్యోగం కోసం ఉరికే పిల్లలు చుట్లు కొడ్తరు, హోం పిల్లలు ఆడుకుంటరు. తూర్పు హైదరాబాద్‌కు ఉన్న పెద్ద ఊపిరితిత్తి అది.

2017లో సర్కారు కన్ను దాని మీద పడ్డది. అంతకు ముందేడు సైబరాబాద్‌ను చీల్చి రాచకొండ పోలీసు కమిషనరేట్ పెట్టిండ్రు. దాని ఆఫీసుకు జాగ కావాలె. ఇంత పెద్ద జిల్లాలో ఎక్కడా జాగ దొరకనట్టు, తల్లిదండ్రులు లేని పిల్లల మైదానమే దొరికింది! హోం పిల్లలు, పూర్వ విద్యార్థులు, పొద్దున నడిచే పెద్దమనుషులు, ఉద్యమకారులు అడ్డం పడ్డరు. ధర్నాలయినయి. గొడవ హైకోర్టు దాకా పోయింది. ఆఖరికి కమిషనరేట్ కోసం మేడిపల్లి దిక్కు జాగ చూపించిండ్రు. చూసిండ్రా? వెతికితే దొరుకుతది! ముందే ఎందుకు వెతకలేదు? ఎందుకంటే అనాథలు అడగరనుకున్నరు.

2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో రైలు మొదలైంది. చైతన్యపురి దాటంగనే వచ్చే స్టేషన్‌కు విక్టోరియా మెమోరియల్ అని పేరు పెట్టిండ్రు. మంచిదే. పేరు మీద ఉన్న ప్రేమ నేల మీద కూడా ఉండాలె కదా! రేపు మైదానం పోయినంక 'తదుపరి స్టేషన్ విక్టోరియా మెమోరియల్' అని రైలులో గొంతు వినవడితే, అది పిలుపు కాదు, సంతాప సందేశం.

దవాఖాన సంగతి కూడా చెప్పుకుందాం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను బాటసింగారం పంపి, ఆ 21 ఎకరాల పైచిలుకు జాగలో టిమ్స్ దవాఖానకు 2022 ఏప్రిల్ 26న పునాదిరాయి వేసిండ్రు. దవాఖాన కావాలె. ఒక్క మాట కూడా కాదనం. మా వాదన వేరే. ఎన్నో ఏండ్లుగా నడుస్తున్న మార్కెట్‌ను లేపి 21 ఎకరాలు తియ్యగలిగిన సర్కారుకు, పిల్లల ట్రాక్ కోసం 4 ఎకరాలు తీయడం చేతగాదా? చేతనయితది. మనసు లేదు.

14 శాతం కడితే నేల పుడతదా?

మైదానాలు పోయిన తొవ్వ ఇంకొకటున్నది. దాన్ని ఎవరూ కబ్జా అనరు, క్రమబద్ధీకరణ అంటరు. 2007లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీలను గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపిండ్రు. అప్పటికే ఈ దిక్కున చెల్కలన్నీ ప్లాట్లయినయి. లేఅవుట్ వేసేటోడు పదో వంతు జాగ పార్కుకు, ఆటకు విడవాలె. విడువనోడు దొర లెక్క తిరిగిండు. ప్లాటు కొన్న చిరుద్యోగి ఇరుక్కున్నడు. 2020 ఎల్ఆర్ఎస్ నిబంధన ఏమన్నది? విడువని ఖాళీ జాగకు బదులు ప్లాటు విలువలో 14 శాతం కట్టు, సరిపోతది అన్నది. కట్టేది ఎవరు? జీపీఎఫ్ లోను తీసి ప్లాటు కొన్న టీచరు, గుమాస్తా, కండక్టరు. పైసలు సర్కారు ఖజానాకు పోయినయి. మరి పిల్లలు ఆ ఖజానాలో ఆడుకోవాల్నా? పైసలతోటి రశీదు పుడతది, నేల పుట్టదు.

ఇక కాలేజీల సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో కింద చెప్పుల దుకాణం, నడిమిట్ల టిఫిన్ సెంటర్, పైన కాలేజీ. అక్కడ పొరగానికి దొరికే ఆట మెట్లెక్కుడు, మెట్లు దిగుడు. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలని షెడ్యూల్‌లోనే రాసింది. చట్టం ఢిల్లీలో ఉన్నది, బడి మూడో అంతస్తులో ఉన్నది. నడుమ తనిఖీకి వచ్చే అధికారికి లిఫ్టు పనిచేయలేదేమో!

ఆటల పేరు మీద భూముల ఆట

మైదానానికి 4 ఎకరాలు లేవంటరు. మరి క్రీడల పేరు చెప్పి ఎన్ని ఎకరాలు రాసిచ్చిండ్రో చూద్దాం. 2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలయినయి, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలయినయి. గచ్చిబౌలిలో పెద్ద స్టేడియం కట్టిండ్రు. అదే 2003లో చంద్రబాబు సర్కారు ఐఎంజీ అకాడమీస్ భారత అనే కంపెనీతో ఒప్పందం రాసుకున్నది. ప్రపంచస్థాయి ఆటగాళ్లను తయారు చేస్తమన్నది కంపెనీ మాట. సర్కారు ఇస్తనన్నది 850 ఎకరాలు! గచ్చిబౌలి దిక్కు 400 ఎకరాలు, మన సరూర్‌నగర్ మండలం మామిడిపల్లిలో 450 ఎకరాలు. ఒక్కసారి మనం పైన చెప్పుకున్న లెక్క తియ్యండ్రి. 850 ఎకరాలంటే రెండు వందల పైచిలుకు ట్రాకులు పట్టే జాగ. తెలంగాణలో మండలానికో పరుగుబాట ఇయ్యలేని సర్కారు, ఒక్క కంపెనీకి రెండు వందల ట్రాకుల నేల రాసిచ్చింది. అప్పుడు ఎవరి భూమి పోయింది? ఎవరి పేరు మీద పోయింది? మన భూమి, మన పిల్లల పేరు మీద!

2006లో రాజశేఖరరెడ్డి సర్కారు ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. కోర్టుల్లో నలిగి నలిగి 2024లో రాష్ట్రం గెలిచింది. గెలిచిన భూమి ఆటలకొస్తదా, అడవిగా ఉంటదా అని చూస్తుంటే, 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో జేసీబీలు దిగినయి. సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం పడ్డరు, లాఠీలు తిన్నరు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. చూడండ్రి, ఒక్క భూమి కథలో మూడు సర్కార్ల గుణం బయటపడ్డది. ఒకరు ఆటల పేరు మీద ఇచ్చిండ్రు, ఒకరు గుంజుకున్నరు, ఒకరు ఐటీ పేరు మీద అమ్మజూసిండ్రు. ఆడుకునేటోడు మాత్రం మూడుసార్లూ గోడ అవతలనే ఉన్నడు.

పతకాలు తెచ్చింది ఎవరి బిడ్డలు?

వరంగల్ దిక్కు పర్వతగిరి మండలం కల్లెడ. కూలి చేసుకునే ఇంట్ల పుట్టింది జీవంజి దీప్తి. మేధోపరమైన లోపం ఉన్నదని ఊర్లో ఎక్కిరించిన నోళ్లున్నయి. ఆ బిడ్డ 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో టీ20 విభాగం 400 మీటర్లు 55.07 సెకన్లలో ఉరికి ప్రపంచ రికార్డు కొట్టింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. బడి మైదానంలో ఆమె ఉరుకుడు చూసి, ఈ పిల్లలో సత్తువున్నదని గుర్తుపట్టింది ఊరి పీఈటీ సారు. ఆ బడికి మైదానం లేకపోతే? ఆ సారు కొలువు ఖాళీగా ఉంటే? ప్రపంచ రికార్డు కల్లెడ పొలాల్లో కలుపు తీస్తుండేది.

అగసర నందిని తండ్రి చాయ్ అమ్మి సంసారం ఈదిండు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన ఆ బిడ్డ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో 5,712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా చాంపియన్‌షిప్‌లో 5,941 పాయింట్లతో స్వర్ణం గెలిచింది. హెప్టాథ్లాన్ అంటే ఏడు ఆటలు: హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు, లాంగ్ జంప్, జావెలిన్, 800 మీటర్లు. ఏడింటికీ జాగ కావాలె. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో హెప్టాథ్లాన్ నేర్వలేరు!

దీప్తికి సర్కారు కోటి రూపాయలు, గ్రూప్-2 కొలువు, వరంగల్‌లో 500 గజాల జాగ ప్రకటించింది. నిఖత్ జరీన్‌కు, సిరాజ్‌కు డీఎస్పీ కొలువులిచ్చింది. ఇచ్చినందుకు సంతోషమే, ఆ బిడ్డల చెమటకు అది తక్కువే. కానీ పతకం వచ్చినంక ఇచ్చే కోటి కన్న, పతకం రాకముందు దొరికే ఇసుక గుంత విలువ ఎక్కువ. గెలిచినోళ్లకు దండ వేసుడు అలకటి పని. గెలవబోయేటోళ్లకు జాగ ఇచ్చుడే సర్కారు పని. 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులు వేస్తే అందులో పీఈటీ పోస్టులు 182. నూటికి రెండు కూడా కాదు. దీప్తి లాంటోళ్లను గుర్తుపట్టే కండ్లను ఇంత పొదుపుగా వాడుకుంటున్న సర్కారు, పతకాల మీద మాత్రం గంపెడాశ పెట్టుకున్నది.

పరుగు పరీక్ష పెడతరు, జాగ ఇయ్యరు

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉన్న పిల్లలందరూ పతకాల కోసం ఉరుకుతలేరు. కొలువు కోసం ఉరుకుతున్నరు. ఉమ్మడి రాష్ట్రంలో కానిస్టేబుల్ కొలువుకు 5 కిలోమీటర్ల పరుగు పెడితే, సాధన లేని పిల్లలు కుప్పకూలి ప్రాణాలిడిచిన ఘటనలున్నయి. తెలంగాణ వచ్చినంక ఆ 5 కిలోమీటర్లు తీసేసిండ్రు. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలన్నరు. లాంగ్ జంప్, షాట్‌పుట్ అదనం. 1600 మీటర్లంటే ట్రాక్ మీద నాలుగు చుట్లు. ఒక్క సెకను తప్పితే ఏడాది చదువు, తల్లి మెడల పుస్తెలు కుదవబెట్టి తెచ్చిన ఫీజు, అన్నీ గంగల కలుస్తయి. మరి ఆ నాలుగు చుట్లు ఎక్కడ కొట్టాలె? సాగర్ రోడ్డు మీద లారీల నడుమనా? చీకట్ల సర్వీస్ రోడ్డు మీద ఆడపిల్ల ఒక్కతీ ఉరకాల్నా? అమ్మ పెట్టదు, అడుక్కతిననియ్యదు అన్నట్టున్నది. పరీక్ష సర్కారుదే, మైదానం మింగేదీ సర్కారే!

సరూర్‌నగర్ స్టేడియం లేదా అంటరు. ఉన్నది. 2017 డిసెంబర్ 4న 'కొలువుల కొట్లాట' సభ జరిగింది అక్కడనే, దానికి కూడా హైకోర్టు మెట్లెక్కితేనే అనుమతి దొరికింది. 2023 మే 8న కాంగ్రెస్ పార్టీ యూత్ డిక్లరేషన్ చదివింది అక్కడనే. మొదటి ఏడాదిలోనే 2 లక్షల కొలువులన్నది, నెలకు 4 వేల నిరుద్యోగ భృతి అన్నది. ఆ మాటలు ఏమైనయో నిరుద్యోగులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నాయకులకు మైదానం గుర్తుకొచ్చేది సభ నాడు. సభ అయిపోయినంక అదే మైదానంలో మిగిలేది కర్రలు పాతిన గుంతలు, నీళ్ల ప్యాకెట్లు.

ఊర్ల సంగతి కూడా అంతే. 2022 జూన్ 2న 'తెలంగాణ క్రీడా ప్రాంగణాలు' అని ఊరూరా బోర్డులు పాతిండ్రు. చాలా ఊర్లల్ల బోర్డు మిగిలింది, ప్రాంగణంలో పిచ్చిచెట్లు మొలిచినయి. ఇప్పటోళ్లు స్పోర్ట్స్ యూనివర్సిటీ అంటున్నరు, క్రీడా విధానం అంటున్నరు. రానియ్యండ్రి. కానీ యూనివర్సిటీకి పిల్లలు ఆకాశం నుంచి రాలరు. గల్లీ మైదానం నుంచి రావాలె. వేరు నరికి కొమ్మకు నీళ్లు పోస్తే కాయ కాయదు.

మేం అడిగేది ఇంతే

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. ఆ మూడింటి కింద ఉన్నది నేల. నేల పోతే మూడూ పోతయి. అందుకే అడుగుతున్నం:

వీఎం హోం మైదానాన్ని ఎప్పటికీ మైదానంగానే ఉంచుతమని సర్కారు జీవో ఇయ్యాలె. ఆఫీసుకనీ, కాంప్లెక్సుకనీ ఒక్క గజం కూడా తియ్యొద్దు. అందులో హోం పిల్లలకు మొదటి హక్కు ఉండాలె.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ నడుమ 4 ఎకరాల్లో 400 మీటర్ల ట్రాక్ వెయ్యాలె. దీపాలు పెట్టాలె, ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది కట్టాలె. పోలీసు కొలువులకు ఉరికే పిల్లల కాడ ఒక్క పైసా తీసుకోవద్దు.

ఎల్ఆర్ఎస్ కింద ఖాళీ జాగ పేరు మీద వసూలైన సొమ్ము ఏ కాలనీలో ఎంతో లెక్క చెప్పాలె. ఆ సొమ్ముతో ఆ కాలనీల దగ్గరనే ఆటస్థలం కొనాలె.

ప్రతి బడికీ పీఈటీ, ప్రతి కాలేజీకీ మైదానం. లేనిదానికి గుర్తింపు కట్ చెయ్యాలె.

విద్యార్థి మిత్రులారా, మీ కాలేజీ మైదానం ఏ కాగితంలో ఉన్నదో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండ్రి. ఉద్యోగ మిత్రులారా, మీరు పొద్దుగాల నడిచే బాట మీ ఆరోగ్యానికే కాదు, మీ పిల్లల కొలువుకు కూడా అవసరం. సంఘం మీటింగులో పీఆర్సీతో పాటు మైదానం మాట కూడా ఎత్తండ్రి. 2017లో నడిచేటోళ్లు, హోం పిల్లలు నిలబడితేనే వీఎం హోం నిలబడ్డది. కల్లెడ బిడ్డ పారిస్‌లో ఉరికి గెలిచింది. ఎల్బీనగర్ బిడ్డ ఎల్బీనగర్‌లో ఉరికేందుకు కూడా ధర్నా చెయ్యాల్సి వస్తే, చేద్దాం. రాష్ట్రం తెచ్చుకున్నోళ్లం, 4 ఎకరాలు తెచ్చుకోలేమా?